సబ్బుతో కడగాల్సింది తిన్నాక కాదు, తినేముందు

మీరు రాసినదాంట్లో ముఖ్యమైన విషయాలు ఇవి. ఇంట్లో ఆరుగురు: మీరు, మీవారు, అత్తమామలు, ఇద్దరు పిల్లలు. ముందు మూడేళ్ల బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులకు పెద్దమ్మాయికి, ఆ మర్నాడు మీ అత్తగారికి, చివరికి మీకు. తగ్గిందనుకుంటే నెల తిరక్కముందే మళ్లీ అదే వరస. తాగేవి ఆర్వో నీళ్లు, బయటి తిండి మానేశారు, ప్రతి గదిలో శానిటైజర్ సీసా పెట్టారు, ఖరీదైన యాంటీబాక్టీరియల్ సబ్బు తెచ్చారు. ‘రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటే ఇది ఆగుతుంది?’ అని అడిగారు. ‘పొద్దస్తమానం ఏంటా కడగడం’ అని అత్తగారు విసుక్కుంటున్నారనీ రాశారు.

చాలా ఏళ్లు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) పనిచేశాను. విరేచనాలతో వచ్చిన పిల్లల తల్లుల్లో చేతులు కడుక్కోని తల్లిని నేను చూడలేదు. అందరూ కడుక్కునేవాళ్లే. చిక్కంతా ఏ వేళకు కడుగుతున్నాం, దేంతో కడుగుతున్నాం అన్నదాంట్లో ఉంది. రోజుకు ఇరవైసార్లు కడిగినా ఆ రెండు మూడు వేళలు తప్పిపోతే ఫలితం ఉండదు. అందుకే లెక్క చెప్పను, ఆ వేళలు చెప్తాను.

ముందుగా, ఇది నీళ్ల వల్లో అన్నం వల్లో వచ్చింది కాదని నాకు ఎందుకు అనిపిస్తోందో చెప్తాను. ఒకే వంట చెడి ఉంటే తిన్నవాళ్లందరికీ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యేది, రాత్రి తింటే తెల్లారేసరికి ఇల్లంతా పడకేసేది. మీ ఇంట్లో అలా జరగలేదు. ఒకరి తర్వాత ఒకరికి, మధ్యలో ఒకటి రెండు రోజుల ఎడంతో వచ్చింది. మనిషి నుంచి మనిషికి పాకే వైరస్‌ల నడక ఇదే. ముఖ్యంగా నోరోవైరస్ అనేది ఒంట్లోకి వెళ్లిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది. జబ్బు చేసినవాళ్ల వాంతిలో, విరేచనంలో లెక్కలేనంత ఉంటుంది, పక్కవాళ్లకు అంటడానికి మాత్రం అతి కొద్ది కణాలు చాలు. విరేచనాలు ఆగిపోయాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు మలంలో పడుతూనే ఉంటుంది. బాబు ఆడుకుంటున్నాడు, తగ్గిపోయిందని మీరు ఊపిరి పీల్చుకున్న రోజుల్లోనే అది ఇల్లంతా తిరుగుతుంది. పరీక్ష చేయించకుండా ఫలానా వైరసే అని చెప్పలేం గానీ, దారి మాత్రం మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి.

ఇక మీ శానిటైజర్ సీసాల సంగతి. కరోనా రోజుల్లో అది బాగా పనిచేసింది కాబట్టి అన్నిటికీ అదే మందు అనుకుంటున్నాం. కరోనా, ఫ్లూ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. 60 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ ఆ పొరను చెడగొడుతుంది, వైరస్ పని అయిపోతుంది. నోరోవైరస్‌కు అలాంటి పొర లేదు. దానిమీద శానిటైజర్ సరిగా పనిచేయదు. నులిపురుగుల గుడ్ల మీద అసలే పనిచేయదు. పైగా చేతికి జిడ్డు, మట్టి, అన్నం మెతుకుల తడి ఉంటే ఆల్కహాల్ చర్మం దాకా చేరనే చేరదు. బస్సులో, ఆసుపత్రి వరండాలో, నీళ్లు దొరకని చోట శానిటైజర్ వాడండి. ఇంట్లో కుళాయి ఉండగా దాన్ని నమ్ముకోవద్దు. అన్నట్టు, మూడేళ్ల పిల్లాడికి అందేచోట ఆ సీసా ఉంచకండి. గుక్కెడు మింగినా ప్రమాదమే.

సబ్బు పనిచేసే తీరు వేరు. సబ్బు కణానికి ఒక చివర నీళ్లంటే ఇష్టం, రెండో చివర జిడ్డంటే ఇష్టం. మన చర్మం మీద సహజంగా ఉండే జిడ్డులోనే క్రిములు అంటుకుని ఉంటాయి. రుద్దినప్పుడు సబ్బు ఆ జిడ్డును పట్టుకుని పైకి లేపుతుంది, నీళ్లు పోస్తే క్రిములతో సహా కొట్టుకుపోతుంది. చంపడం కన్నా ఊడదీసి పంపించెయ్యడమే దాని ముఖ్యమైన పని. కాబట్టి పొర ఉన్నా లేకపోయినా, గుడ్డయినా వైరస్సయినా, రుద్దితే పోతుంది. రుద్దకుండా సబ్బు తాకించి కడిగేస్తే మాత్రం చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇందుకు యాంటీబాక్టీరియల్ సబ్బే అక్కర్లేదు. కరాచీలోని పేద బస్తీల్లో కొన్ని కుటుంబాలకు మామూలు సబ్బు, కొన్నిటికి యాంటీబాక్టీరియల్ సబ్బు ఇచ్చి, వారం వారం ఇంటికి వెళ్లి ఎప్పుడు, ఎలా కడుక్కోవాలో నేర్పి, పిల్లల జబ్బులు లెక్కగట్టారు. ఆ ఫలితాలు 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. సబ్బు అందని ఇళ్లతో పోలిస్తే ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా 50 శాతం, పదిహేనేళ్లలోపు వాళ్లలో విరేచనాలు 53 శాతం తగ్గాయి. రెండు రకాల సబ్బుల మధ్య తేడా ఏమీ కనిపించలేదు. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను ఇలాంటి సబ్బుల్లో వాడకూడదని చెప్పింది, ఎందుకంటే మామూలు సబ్బుకన్నా అవి మెరుగని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. కాబట్టి మీ ఖరీదైన సబ్బు అయిపోయాక మామూలు ఒంటిసబ్బు కొనండి. మిగిలిన డబ్బుతో ఇంకో రెండు బిళ్లలు తెచ్చి, ఇప్పుడు సబ్బు లేని చోట పెట్టండి. ఎక్కడ పెట్టాలో కింద చెప్తాను, అసలు విషయం అదే.

మన ఇళ్లలో భోజనం వేళ ఒకసారి గమనించండి. పిలవగానే అందరూ సింక్ దగ్గరికి వెళ్తారు, ట్యాప్ తిప్పి నాలుగు వేళ్లు తడిపి, విదిలించి, పంచెకో చీర కొంగుకో తుడుచుకుని కూర్చుంటారు. సబ్బు పక్కనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. భోంచేసి లేచాక అదే సబ్బుతో మోచేతి దాకా రుద్దుతారు, చేపల పులుసు వాసన పోవాలి కదా! తిన్నాక చేతికి ఉన్నది కూర. అది జబ్బు చెయ్యదు. తినేముందు చేతికి ఉన్నదే జబ్బు చేసేది, దానికి వాసన లేదు, రంగు లేదు, జిడ్డు తెలియదు. వాసన వచ్చేదాన్ని సబ్బుతో కడుగుతున్నాం, రానిదాన్ని నీళ్లతో సరిపెడుతున్నాం.

ఇదేదో మన జిల్లాల సంగతే అనుకోవద్దు. 2018 జులై నుంచి డిసెంబర్ దాకా దేశమంతా జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో, తినేముందు సబ్బుతో కడుక్కునే కుటుంబాలు 35.8 శాతమే అని తేలింది. 60.4 శాతం కుటుంబాలు ఉత్త నీళ్లతో కానిచ్చేస్తున్నాయి. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బు వాడేవి 74.1 శాతం. అంటే అలవాటు లేక కాదు, సబ్బు లేక కాదు. అన్నం ముందు చెయ్యి మురికిగా ఉందని మనకు అనిపించదు, అంతే.

చెంచాతో తినేవాళ్లకన్నా చేత్తో తినే మనకు ఇది ఇంకా ముఖ్యం. చేత్తో తినడంలో తప్పేమీ లేదు, నేనూ చేత్తోనే తింటాను. కానీ మనం ముద్ద కలిపేది వేళ్ల కొసలతో, గోళ్లు మునిగేలా. వేడన్నంలో పప్పు, నెయ్యి వేసి మెత్తగా పిసుకుతాం. గోళ్ల కింద ఏముంటే అది ముద్దలోకి దిగుతుంది. ఆ ముద్ద పిల్లాడి నోట్లోకి వెళ్తుంది. తల్లి ఒక్కతే సరిగ్గా కడుక్కుని లాభం లేదు. గోరుముద్దలు పెట్టే ప్రతి చెయ్యీ, అంటే అమ్మమ్మ చెయ్యి, నాయనమ్మ చెయ్యి, ఎత్తుకుని ఆడిస్తూ బిస్కెట్ ముక్క నోట్లో పెట్టే పక్కింటి పిన్ని చెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది. మీ ఇంట్లో బాబుకు పగటిపూట అన్నం పెట్టేది మీ అత్తగారని రాశారు. మీ తర్వాత పడింది కాదు, మీకన్నా ముందు పడింది ఆవిడే. ఆవిణ్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బాబును కడిగేదీ ఆవిడే, తినిపించేదీ ఆవిడే కాబట్టి ఆ రెండు పనుల మధ్య ఏం జరుగుతోందో చూడమంటున్నాను.

ఏం జరుగుతుందో నేను ఎన్నో ఇళ్లలో చూశాను. పిల్లాడు పెరట్లో కూర్చుంటాడు. నాయనమ్మ కుడిచేత్తో మగ్గు పట్టుకుని నీళ్లు పోస్తూ ఎడమచేత్తో కడుగుతుంది. అయ్యాక ఎడమచేతిని నేలకో గోడకో రాసి, నీళ్లు పోసుకుని, రెండు చేతులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటుంది. మగ్గు బకెట్లో పడేస్తుంది. పిల్లాడికి చెడ్డీ తొడిగి, గడియ తీసి వంటింట్లోకి వస్తుంది. ‘కడిగింది ఎడమచేత్తో, అన్నం కలిపేది కుడిచేత్తో, ఏమవుతుందమ్మా?’ అంటుంది. రెండు చేతులూ కలిపి రుద్దుకున్న క్షణంలోనే ఆ చేతిది ఈ చేతికి వచ్చేసింది. మగ్గు పిడికి అంటింది, బకెట్ అంచుకు అంటింది, తలుపు గడియకు అంటింది. సబ్బు లేకుండా ఎడమ, కుడి అని మనం గీసుకున్న గీత క్రిములకు తెలియదు.

దీనికి తోడు చంటిపిల్లల మలం మంచిదే, దానివల్ల ఏమీ కాదనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. పాలు తాగే బిడ్డదైతే నీళ్లతో కడిగి ఊరుకుంటారు. నిజానికి చిన్నపిల్లల మలంలోనే జబ్బు చేసే వైరస్‌లు ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే అవి ఎక్కువగా పట్టేది వాళ్లకే. డైపర్ మార్చినా అంతే. వైప్స్‌తో తుడిచి, డైపర్ చుట్టి పారేస్తే చేతికి ఏమీ అంటలేదు కదా అనిపిస్తుంది. అంటుతుంది. డైపర్ మార్చాక ప్రతిసారీ సబ్బే.

కాబట్టి మీ ఇంటికి నేను చెప్పే వేళలు: ఎవరు మరుగుదొడ్డికి వెళ్లొచ్చినా, పిల్లాడిని కడిగినా, డైపర్ మార్చినా వెంటనే. వంట మొదలుపెట్టే ముందు. తాము తినేముందు, పిల్లలకు తినిపించే ముందు, చంటిబిడ్డకు పాలిచ్చే ముందు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే వాళ్ల దగ్గరికి వెళ్లేముందు, వచ్చాక. దగ్గు, తుమ్ము, ముక్కు చీదడం తర్వాత. బయటి నుంచి రాగానే కాళ్లు కడుక్కునే మంచి అలవాటు మనకు ఉండనే ఉంది, ఆ నీళ్లతోనే చేతులకు సబ్బు పెట్టండి. ఇవన్నీ కుదరవంటే అన్నం ముందరిది, మలం తర్వాతది మాత్రం వదలొద్దు.

ఇక కడిగే పద్ధతి. మీ ఇంట్లో అందరూ కలిసి ఒక పరీక్ష చేసి చూడండి, పిల్లలకు ఆటలా ఉంటుంది. చెంచాడు కొబ్బరినూనెలో ఫిల్టర్ కాఫీ పొడి చిటికెడు కలిపి రెండు చేతులకూ, వేళ్ల సందుల్లోకీ గోళ్ల దాకా పూసుకోండి. ఇప్పుడు రోజూ కడిగినట్టే, కళ్లు మూసుకుని సబ్బుతో కడుక్కుని, వెలుతురులోకి తెచ్చి చూడండి. అరచేతులు శుభ్రంగా ఉంటాయి. బొటనవేలి మొదట్లో, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ, ఉంగరం కింద, మణికట్టు మడతలో గోధుమరంగు రేణువులు కనిపిస్తాయి. కుడిచేతివాటం వాళ్లకు కుడి బొటనవేలే ఎక్కువగా మిగిలిపోతుంది, ఎందుకంటే దాన్ని రుద్దాల్సింది ఎడమచెయ్యి, అది బద్ధకిస్తుంది. నర్సింగ్ ట్రైనింగ్‌లో కూడా ఎక్కువమంది వదిలేసేవి ఇవే: వేళ్ల కొసలు, బొటనవేళ్లు, సందులు. మనం అన్నం కలిపేది కూడా సరిగ్గా వాటితోనే.

వాటినే దృష్టిలో పెట్టుకుని కడగండి. చేతులు తడిపి, ట్యాప్ కట్టేసి, సబ్బు నురగ వచ్చేదాకా రాయండి. అరచెయ్యికి అరచెయ్యి రుద్దడం అందరికీ వచ్చు. తర్వాత ఒక అరచేత్తో రెండో చేతి వెనకవైపు, వేళ్లు వేళ్లలో దూర్చి సందులు. బొటనవేలిని రెండో పిడికిట్లో పట్టుకుని తిప్పండి, రెండు చేతులకూ. ఐదు వేళ్ల కొసలూ దగ్గరికి చేర్చి ఎదుటి అరచేతిలో గీరినట్టు రుద్దండి, గోళ్ల కిందికి నురగ వెళ్లేది అప్పుడే. చివర్లో మణికట్లు. ఇదంతా రుద్దడానికి కనీసం 20 సెకన్లు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే తడపడం నుంచి తుడవడం దాకా మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని చెప్తుంది. వేడినీళ్లు అక్కర్లేదు, చన్నీళ్లయినా అంతే పనిచేస్తాయి. చేతులు మంటపుట్టేంత వేడినీళ్లు పోసుకుంటే చర్మం పగలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

గోళ్లు పొట్టిగా ఉండాలి. వంట చేసేవాళ్లు, పిల్లలకు తినిపించేవాళ్లు గోళ్లు పెంచితే ఎంత రుద్దినా కింద మిగులుతుంది. ఉంగరాలు తీసి కడగండి, రాళ్ల ఉంగరమైతే ఇంట్లో ఉన్నంతసేపు తీసేస్తే ఇంకా మంచిది. గాజులు పైకి జరపండి.

తుడుచుకోవడం గురించి ఎవరూ చెప్పరు గానీ అది సగం పని. పొడి చెయ్యి కన్నా తడి చెయ్యి క్రిములను ఎక్కువగా అంటించుకుంటుంది, ఎక్కువగా అంటిస్తుంది. కష్టపడి కడిగి, సింక్ పక్కన మేకుకు వారం రోజులుగా వేలాడుతున్న తడి తువ్వాలుకు తుడుచుకుంటే కడిగింది వృథా. అదే గుడ్డతో గట్టు తుడుస్తారు, వేడి గిన్నె దించుతారు, పిల్లాడి మూతి తుడుస్తారు. చేతులకు విడిగా చిన్న తువ్వాళ్లు పెట్టి రోజూ మార్చండి, ఎండలో ఆరేయండి. తువ్వాలు దొరక్కపోతే గాలికి ఆరనివ్వండి, కొంగుకు మాత్రం వద్దు. 2023 వర్షాకాలంలో రెండు రాష్ట్రాల్లో కళ్లకలక ఇల్లిల్లూ తిరిగినప్పుడు కూడా ఒకే తువ్వాలు, కళ్లు నులుముకున్న చేతులే దాన్ని మోసుకెళ్లాయి.

సబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెప్తాను. బాత్రూమ్‌లో ఎలాగూ ఉంది. రెండోది పెరట్లో పిల్లాడిని కడిగేచోట, మగ్గు పక్కన. మూడోది వంటింటి సింక్ దగ్గర, గిన్నెల సబ్బు కాకుండా చేతులకు వేరుగా. నాలుగోది భోజనాల గది వాష్‌బేసిన్ దగ్గర పిల్లలకు అందే ఎత్తులో. పదడుగులు నడవాల్సి వస్తే మనిషి సబ్బు వాడడు, ఎంత చదువుకున్నవాడైనా అంతే. బిళ్ల సబ్బు అందరూ ముట్టుకుంటే అంటుకోదా అని అడుగుతారు. రుద్ది కడిగేస్తున్నారు కాబట్టి భయం లేదు, కానీ నీళ్లలో నానుతూ గుజ్జులా పడి ఉండకూడదు. చిల్లుల పెట్టెలో పెట్టండి, లేదా పాత వల సంచిలో వేసి ట్యాప్‌కు వేలాడదీయండి. ట్యాప్ పిడిని మురికి చేత్తో తిప్పుతాం కాబట్టి దానికీ నురగ రాసి కడగండి, మగ్గు పిడికీ అంతే.

వేసవిలో ట్యాంకర్ నీళ్లతో గడుపుతున్నామని, నీళ్లు ఎక్కడివని రాశారు. చేతులు కడగడానికి ధారగా నీళ్లు అక్కర్లేదు. తడపడానికి పావు గ్లాసు, కడగడానికి ఒక గ్లాసు చాలు, రుద్దేటప్పుడు ట్యాప్ కట్టేస్తే. మూతికి చిన్న చిల్లు పెట్టిన నీళ్ల సీసా వంచి పోసుకుంటే ఇంకా పొదుపు. ఒక చెంచాడు డిటర్జెంట్ పొడి లీటరు సీసా నీళ్లలో కలిపి పెరట్లో పెట్టుకున్నా సబ్బు పని చేస్తుంది, పేరు రాసి పిల్లలకు అందకుండా ఉంచాలి. బకెట్లో చేతులు ముంచి కడగడం మాత్రం వద్దు, ఆ నీళ్లు తర్వాతివాళ్లకు పనికిరావు. పెద్దవాళ్లు బూడిదతో, మట్టితో తోముకునేవాళ్లు. సబ్బు దొరకని రోజుల్లో రుద్దడం వల్ల కొంత మేలు జరిగి ఉంటుంది, కానీ పెరటి మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు. ఈ రోజుల్లో దాని అవసరం లేదు.

తాగే నీళ్ల గురించి ఒక మాట. ఆర్వో నీళ్లు పట్టి బిందెలో పోసి, అందులో గ్లాసు ముంచుతున్నారేమో చూసుకోండి. గ్లాసుతోపాటు వేళ్లు కూడా మునుగుతాయి, అంతసేపు శుద్ధి చేసిన నీళ్లు ఒక్క ముంపుతో మామూలు నీళ్లవుతాయి. కుళాయి ఉన్న డబ్బా గానీ, పొడవాటి కాడ ఉన్న ముంత గానీ వాడండి. చికెన్ కడిగేటప్పుడు ట్యాప్ ధార కింద పెట్టకండి, చిమ్మిన నీళ్లు పక్కనున్న టమాటాల మీద, గిన్నెల మీద పడతాయి. గిన్నెలో నెమ్మదిగా కడిగి, నీళ్లు ఒంపి, సింక్‌ను, చేతులను సబ్బుతో కడిగాకే పోపు డబ్బా ముట్టుకోండి.

ఇంట్లో మళ్లీ ఎవరికైనా మొదలైతే ఆ రోజే కొన్ని పనులు చెయ్యాలి. జబ్బు పడినవాళ్లు వంట చెయ్యకూడదు, వడ్డించకూడదు, వాంతులు విరేచనాలు ఆగాక కూడా రెండు రోజుల దాకా. మీకు ఒంట్లో బాగోనప్పుడు కూడా లేచి మీరే వండారని రాశారు. ఈసారి మీవారు వండాలి, లేదా అన్నం పెరుగుతో గడిచిపోవాలి. వాళ్ల తువ్వాలు, గ్లాసు వేరు చెయ్యండి. వాంతి చేసుకుంటే పాత గుడ్డతో, చేతులకు కవర్లు తొడుక్కుని ముందు ఎత్తేసి, తర్వాత బ్లీచ్ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి కడగండి. ఐదు శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణమైతే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలపాలి. ఫినాయిల్ వాసన బాగున్నా ఈ వైరస్‌కు దాన్ని నమ్ముకోలేం. బ్లీచ్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. గడియలు, స్విచ్‌లు, ఫ్లష్ మీట, రిమోట్, ఫోన్ తుడవండి. ఫోన్ బాత్రూమ్‌లోకి తీసుకెళ్లే అలవాటుంటే అదొక్కటీ మానేయమని మీవారికి చెప్పండి. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ అదే ఫోన్ పట్టుకుని అన్నానికి కూర్చుంటారు.

పిల్లల గురించి రాసినదాంట్లో మీరు విడిగా అనుకున్నది ఒకటుంది, పెద్దమ్మాయికి రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద అని. అది చిన్న నులిపురుగుల పని అయి ఉండొచ్చు, చేతులతోనే తిరుగుతుంది. ఆడపురుగు రాత్రిపూట బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది, దురదకు పిల్ల గోకుతుంది, గుడ్లు గోళ్ల కిందికి వెళ్తాయి, పొద్దున్నే ఆ చెయ్యి నోట్లోకి, తమ్ముడి బొమ్మ మీదికి వెళ్తుంది. డాక్టర్‌ను అడిగి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వేసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి, పాప గోళ్లు కత్తిరించి పొద్దున లేవగానే సబ్బుతో చేతులు కడిగించాలి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతంలో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాన్పించకండి. మాత్ర పురుగును పంపిస్తుంది, మళ్లీ రాకుండా ఆపేది చెయ్యే.

పిల్లలకు ‘చేతులు కడుక్కో’ అని అరిస్తే నేర్చుకోరు. అన్నానికి ముందు పక్కన నిలబడి మీరూ కడుక్కోండి. రుద్దేటప్పుడు వాళ్లకు ఇష్టమైన పద్యమో, ఎక్కమో ఒకటి పూర్తయ్యేదాకా అని చెప్పండి. పెద్దవాళ్లు చేసేదే చూసి చేస్తారు. ఇంట్లో మగవాళ్లు వేళ్లు తడిపి కూర్చుంటే పిల్లలూ అంతే.

అత్తగారితో ఎలా చెప్పాలని అడిగారు. ముందు ఆవిడ విసుగును తప్పు పట్టొద్దు. డాక్టర్లే దీన్ని నమ్మడానికి చాలా ఏళ్లు పట్టింది. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పుల గదికి వస్తున్న వైద్యులను సున్నపు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోమన్నాడు, ఇంచుమించు మన బ్లీచింగ్ పౌడర్ నీళ్లే. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య రెండుకు దిగింది. అయినా తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు, మా చేతులే చంపుతున్నాయా అని కోపం తెచ్చుకున్నారు. చేతులు శుభ్రంగా లేవంటే ఎవరికైనా నొచ్చుకోవడమే వస్తుంది. కాబట్టి ఆవిడతో ఆ మాట అనకండి. మడి, ఆచారం, కాళ్లు కడుక్కోవడం, ఎంగిలి పట్టింపు, ఇవన్నీ ఆవిడ మీకన్నా బాగా పాటిస్తున్నారు. శుభ్రం మీద ఆవిడకున్న పట్టుదలే మీకు ఆసరా. ‘అత్తయ్యా, బాబును కడిగాక సబ్బు కూడా పెడితే వాడికి మళ్లీ రాదట, నర్సమ్మ చెప్పింది’ అనండి, సబ్బు ఆవిడ చేతికి అందేచోట పెట్టండి. కాఫీ పొడి పరీక్ష ఆవిడతో కూడా చేయించండి. మనవడి కోసమంటే చేస్తారు.

ఎక్కువసార్లు కడిగి చేతులు పగులుతున్నాయన్నారు. సరైన వేళలకే కడిగితే మీరు ఇప్పుడు కడుగుతున్నదానికన్నా తక్కువే అవుతుంది. గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, రాత్రి పడుకునేముందు చేతులకు కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాయండి. పగుళ్లున్న చర్మంలో క్రిములు ఎక్కువసేపు నిలుస్తాయి కాబట్టి ఇది ముస్తాబు కాదు, అవసరం.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు ఉంచండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, కొంచెం కొంచెం కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. బాబు వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా పట్టండి. విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా జింక్ గురించి డాక్టర్‌ను అడగండి, మీ బాబు వయసుకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇస్తారు, తగ్గిందని మధ్యలో ఆపకండి. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచకండి, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. మీ మామగారు బీపీ మాత్రలు వాడతారు కాబట్టి ఆయనకు విరేచనాలైతే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేసి మాత్రల సంగతి అడగాలి. చంటిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ రాకుండా టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, మన ఆంధ్రలో 2016లో, తెలంగాణలో 2019లో మొదలైంది. మీ బాబు వయసు దాటింది గానీ, మీ ఆడపడుచుకు కాన్పు దగ్గరపడిందన్నారు కదా, ఆ బిడ్డకు ఆరో వారం నుంచే వేయించమని చెప్పండి.

ఇవన్నీ ఒక నెల చేశాక కూడా మూడోసారి వస్తే చేతుల మీదే నెపం వెయ్యొద్దు. అప్పుడు ఇంటిపై ట్యాంకు మూత తీసి చూడండి, ఎప్పుడు కడిగారో గుర్తు తెచ్చుకోండి, డ్రైనేజీ పైపు పక్కన నీళ్ల పైపు వెళ్తోందేమో ప్లంబర్‌తో చూపించండి. బాబుకు మల పరీక్ష చేయించి, ఆ రిపోర్టులో ఏం వచ్చిందో రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.